మా నాలుగోవాడు

ఇంటర్ నాటికి ఆరో గదిలో మేము నలుగురం. నలుగురికీ కలిపి ఒకే సెల్‌ఫోను, ఒకవైపే పలికే ఇయర్‌ఫోను. స్టడీ అవర్ అయ్యాక వంతులేసుకుని పాటలు వినేవాళ్లం. ఒక రాత్రి మా నాలుగోవాడు బ్లాక్ సబ్బత్ పాటలు ఎక్కించుకొచ్చాడు. "ఇవేం పాటల్రా, పిండిమర పక్కన కూచున్నట్టుంది" అన్నాం. "వీళ్లూ పనోళ్ల పిల్లలేరా" అన్నాడు వాడు.

నిజమే. ఇంగ్లండులో బర్మింగ్‌హామ్ నగరంలోని ఆస్టన్ కార్మికుల పేట. అక్కడి నలుగురు కుర్రాళ్లు 1968లో కట్టిన బృందమది. గిటారు వాయించే టోనీ అయోమీకి పదిహేడేళ్లప్పుడు రేకుల ఫ్యాక్టరీలో, పని మానేసే ఆఖరి రోజునే, కుడిచేతి రెండు వేళ్ల కొసలు తెగిపోయాయి. ప్లాస్టిక్ సీసా కరిగించి వేళ్లకు తొడుగులు చేసుకున్నాడు. నొప్పి తగ్గాలని తర్వాత తీగలు వదులు చేశాడు. ఆ బరువైన మోతలో ఆ వదులు తీగల పాలు చాలా ఉంది. మా నాలుగోవాడి నాన్నకూ రైసుమిల్లు బెల్టులో ఒక వేలు పోయింది. వాడెప్పుడూ చెప్పలేదు. సెలవులకు వాళ్లింటికెళ్తే, ఆయన మాకు అన్నం వడ్డిస్తుంటే చూశాం.

2013 జూన్‌లో వాళ్ల '13' ఆల్బమ్ వచ్చింది. ఓజీ ఆస్‌బోర్న్ గొంతుతో ఆ బృందం స్టూడియో ఆల్బమ్ చేసి అప్పటికి 35 ఏళ్లు. 2012లో అయోమీకి క్యాన్సరని తేలింది. చికిత్స చేయించుకుంటూనే పని చేశాడు. బ్రిటన్‌లో 1970 తర్వాత మళ్లీ మొదటి స్థానం, అమెరికాలో తొలిసారి.

కానీ డ్రమ్ముల దగ్గర బిల్ వార్డ్ లేడు. ఒప్పందం న్యాయంగా లేదని రాలేదు. బదులుగా వాయించిన బ్రాడ్ విల్క్ బాగానే వాయించాడు. అయినా ఆ ఆల్బమ్ వింటే మాకు ఆరో గదిలో ఖాళీ మంచమే గుర్తొచ్చేది. డిగ్రీ రెండో ఏడులో నాన్న మంచాన పడితే, మా నాలుగోవాడు ట్రంకు పెట్టె సర్దుకుని తాపీ పనికి వెళ్లిపోయాడు. మాకు లెక్కలు చెప్పి గట్టెక్కించింది వాడే. మా ముగ్గురి ఇళ్లల్లో డిగ్రీ ముఖం చూసింది మేమే మొదలు. ఫలితాలొచ్చిన రోజు వాడికి ఫోను చేయడానికి మాకు మొహం చెల్లలేదు.

2025 జులై 5న బర్మింగ్‌హామ్ విల్లా పార్కులో ఆ నలుగురూ మళ్లీ ఒకే వేదిక మీద వాయించారు. బిల్ వార్డ్ వచ్చాడు. ఓజీ కూర్చునే పాడాడు. 17 రోజులకు, జులై 22న కన్నుమూశాడు.

ఆ వార్త తెలిసిన రాత్రే నాలుగోవాడికి ఫోను చేశాం. వార్షికోత్సవానికి రమ్మన్నాం. "మీరంతా పీజీలు, మధ్యలో నేనెందుకురా" అన్నాడు. ముగ్గురం వంతులేసుకుని తిట్టాం. మేస్త్రీని అడిగి చెబుతానన్నాడు.