సుగ్గికి పోయే ఊళ్ళో హైస్కూలు

ప్రభుత్వ బడి పిల్లల తల్లిదండ్రుల గురించి స్టాఫ్ రూముల్లో తరచూ వినిపించే మాట ఒకటుంది: "ఎన్నిసార్లు పిలిచినా రారు." ఆదోని, కోసిగి, కౌతాళం వైపు జిల్లా పరిషత్ హైస్కూళ్ళలో పాఠాలు చెబుతూ నేనూ ఆ మాట చాలాసార్లు విన్నాను. నాకెప్పుడూ అది నిజమనిపించలేదు. వాళ్ళు వస్తారు. మనం రమ్మన్న రోజున కాదు, వాళ్ళకు వీలు చిక్కిన పూట వస్తారు. ప్రార్థన గంట కొట్టకముందే సద్దిమూట చంకన పెట్టుకుని గేటు దగ్గర నిలబడే అమ్మలున్నారు. చీకటి పడ్డాక, స్టడీ అవర్ ముగిసే వేళకు పొలం నుంచి నేరుగా వచ్చి వరండాలో మెట్టు మీద కూర్చునే నాన్నలున్నారు. కుర్చీ చూపిస్తే కూర్చోరు. "మావోడు ఎట్ల సదువుతుండాడు సార్?" అన్న ఒక్క ప్రశ్న అడిగి, మనం చెప్పినంతా తలూపుతూ విని, "కొట్టయినా బుద్ధి సెప్పండి సార్" అని పోతారు. విద్యాహక్కు చట్టం ప్రకారం పిల్లవాడి మీద చెయ్యి వేయకూడదు, మేము వేయం. అయినా ఆ మాటకు నాకు కోపం రాదు. కన్నబిడ్డను పూర్తిగా మా చేతుల్లో పెట్టి పోతున్నాననడం అది.

ఈ పడమటి మండలాల్లో సేద్యమంతా వానను నమ్ముకున్నదే. తుంగభద్ర ఇంత దగ్గర్లో పారుతున్నా నీళ్ళందే పొలాలు కొన్నే. ఖరీఫ్ పంట ఇంటికొచ్చాక ఊళ్ళో చేద్దామంటే పని దొరకదు. దసరా, దీపావళి దాటగానే ఇళ్ళకు తాళాలు పడటం మొదలవుతుంది. ముందు పత్తి తీయడానికి, ఆ తర్వాత మిరపకాయలు కోయడానికి గుంటూరు, పల్నాడు వైపు పోతారు. దాన్నే ఇక్కడ సుగ్గి అంటారు. గిన్నెలు, బియ్యం, దుప్పట్లు, టార్పాలిన్ పట్టలు వేసుకుని లారీల్లోనో ట్రాలీ ఆటోల్లోనో బయల్దేరతారు. అక్కడ పొలాల గట్ల మీద గుడిసెలు వేసుకుని ఉంటారు. ఎంత కోస్తే అంత కూలి. నాలుగు నెలలు కష్టపడి అప్పు తీర్చుకుని ఉగాదికి తిరిగొస్తారు.

పదో తరగతికి ముఖ్యమైన పనులన్నీ సరిగ్గా ఆ నెలల్లోనే వస్తాయి. పరీక్ష ఫీజు, నామినల్ రోల్స్, ప్రీ ఫైనల్స్, మార్చిలో పబ్లిక్ పరీక్షలు. అంటే బిడ్డకు ఇల్లు ఎక్కువగా కావాల్సిన రోజుల్లో ఇంట్లో ఎవరూ ఉండరు.

నామినల్ రోల్స్ రోజుల గురించి కొంచెం చెప్పాలి. పిల్లవాడి పేరు, తల్లి పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ, రెండు పుట్టుమచ్చలు ఇవన్నీ సరిచూసి ఆన్‌లైన్‌లో ఎక్కించాలి. పైకి గుమాస్తా పనిలా కనిపిస్తుంది గానీ, రేపు టెన్త్ మెమోలో పడే తేదీయే ఆ మనిషికి జీవితాంతం పుట్టినరోజు. ఉద్యోగానికీ అదే, పాస్‌పోర్టుకీ అదే. ఇక్కడి పిల్లల్లో చాలామందికి ఒకటో తరగతిలో చేర్చుకున్న రోజు మాస్టారు అందాజుగా వేసిన తేదీయే మిగిలింది. పేర్ల తంటా ఇంకోటి. ఉరుకుంద ఈరన్న స్వామి పేరు పెట్టుకున్న పిల్లలు తరగతికి ఇద్దరు ముగ్గురుంటారు. రిజిస్టరులో ఒకడు ఉరుకుందు, ఆధార్‌లో ఉరుకుందప్ప, రేషన్ కార్డులో ఈరన్న. ముగ్గురూ ఒకడేనని చెప్పడానికి తండ్రి రావాలి. ఆ తండ్రి సుగ్గికి పోవడానికి మూటలు కడుతూ ఉంటాడు.

అయినా వస్తాడు. వాళ్ళు ఊరు వదలకముందే ఈ పని ముగించాలని మేము అక్టోబరులోనే కాగితాలు ముందేసుకుని కూర్చుంటాం. తల్లులు వచ్చినప్పుడు పుట్టుమచ్చల దగ్గర గది కళకళలాడుతుంది. పదిహేనేళ్ళ కొడుకు సిగ్గుతో మెలికలు తిరుగుతుంటే తల్లి వాడి తల అటు తిప్పి, కాలర్ కిందికి లాగి, "ఇదో సార్, కుడి చెవి కింద ఒగటి. ఇంగోటి మోచేతి కాడ ఉండాది" అంటుంది. వెతకదు, ఆమెకు ముందే తెలుసు. అక్షరం రాని తల్లి, తన బిడ్డ సర్టిఫికెట్టులో ఒక గడి తానే నింపుతుంది. ఆ పూట ఆమె కుర్చీలో కూర్చుంటుంది. ఎందుకంటే ఆ గదిలో జవాబు తెలిసినది ఆమె ఒక్కదానికే. తల్లిదండ్రులను బడి ఎలా పిలవాలో నాకు అక్కడే అర్థమైంది. మనం చెబితే వినడానికి పిలిచినప్పుడు వాళ్ళు వాకిట్లో ఆగిపోతారు. వాళ్ళకు తెలిసింది మనకు కావాలన్నప్పుడు లోపలికొస్తారు.

అందరు పిల్లలూ వెనక ఉండిపోరు. ఎనిమిదో, తొమ్మిదో చదివే ఆడపిల్లను తమ్ముణ్ణి ఆడించడానికని తీసుకుపోతారు. పొలంలో దిగాక ఆ పిల్లా ఒక సాలు పట్టుకుంటుంది. తిరిగొచ్చాక ఆ పిల్లను చూడటం కష్టంగా ఉంటుంది. ఎండకు మొహం నల్లబడి, మిరప ఘాటుకు వేళ్ళు పొక్కి, మునుపు ముందు వరసలో కూర్చున్నది వెనక గోడకు ఆనుకుని కూర్చుంటుంది. రెండు చరరాశులలో రేఖీయ సమీకరణాలు తరగతిలో ఎప్పుడో అయిపోయాయి. అడిగితే తెలియదని చెప్పాలి, తెలియదని చెప్పడానికి సిగ్గు. అలా రెండేళ్ళు వరసగా పోయిన పిల్ల మూడో ఏడు బడికి రాదు. పెళ్ళి కబురు వస్తుంది.

డబ్బు సాయం లేదని కాదు. తల్లికి వందనం పథకం కింద 2025 జూన్‌లో ఒక్కో బిడ్డకు 13 వేల రూపాయలు తల్లుల ఖాతాల్లో పడ్డాయి, ఇంకో 2 వేలు బడుల నిర్వహణకు పోయాయి. చాలా ఇళ్ళల్లో అది పెద్ద ఊరట, నేను కళ్ళారా చూశాను. కానీ దానికి 75 శాతం హాజరు కావాలి. ఎవరింటికి ఆ డబ్బు అన్నిటికన్నా అవసరమో, ఆ ఇంటి పిల్లకే సుగ్గి వల్ల హాజరు తగ్గుతుంది. హాజరు నిబంధన తీసేయమని నేననను. ఆ పిల్ల ఊళ్ళోనే ఉండే ఏర్పాటు ముందు చేయమంటాను.

ఆ ఏర్పాటు ఒకటుంది. వలస కుటుంబాల పిల్లల కోసం సమగ్ర శిక్షా కింద సీజనల్ హాస్టళ్ళు నడుస్తాయి. సాయంత్రం తిండి, రాత్రికి పడక, పక్కన చదివించే మనిషి. సుగ్గికి పోయే తల్లికి కావాల్సింది సరిగ్గా అదే. అయితే లారీ ఎక్కే రోజుకు హాస్టలు తలుపు తెరిచి ఉండాలి. తెరవడం కొన్ని వారాలు ఆలస్యమైనా తల్లి ఆగలేదు, బిడ్డను వదిలీ పోలేదు. ఒకసారి లారీ ఎక్కిన పిల్లను వెనక్కి తెప్పించడం ఎంత కష్టమో మాకు తెలుసు.

ఇక అవ్వల దగ్గర ఉండిపోయే పిల్లలున్నారు. రాత్రి స్టడీ అవర్ అయ్యాక సెల్ ఫోను లైటు వేసుకుని అవ్వ గేటు దగ్గరికొస్తుంది. పిల్లవాడు పదో తరగతి, మీసాలు మొలుస్తున్నాయి, అవ్వ వచ్చి తీసుకుపోవడం వాడికి నామోషీ. ఆమె వింటేనా! ప్రోగ్రెస్ కార్డు మీద ఆమె వేలిముద్రే పడుతుంది. ఆ కార్డును ఫొటో తీసి నాన్న ఫోనుకు పంపుతాం. ఏ పల్నాడు పొలంలోనో పొద్దువాలాక అది చూసుకుని ఆయన ఫోన్ చేస్తాడు. "లెక్కల్లో తగ్గినాయంట గదా సార్?" అని అడుగుతాడు. అక్కడ ఎవరిచేతనో చదివించుకున్నాడన్నమాట. ఈ మనిషిని బడి పట్టనివాడని ఎలా అంటాం?

2024 డిసెంబరు 7న రాష్ట్రమంతా ప్రభుత్వ బడుల్లో మెగా తల్లిదండ్రుల సమావేశం జరిగింది. ముగ్గుల పోటీలు, ఆటలు, అందరికీ కలిసి భోజనం. మంచి పని, మనస్ఫూర్తిగా అంటున్నాను. అయితే డిసెంబరంటే మా వైపు ఊళ్ళు ఖాళీ. రెండోసారి 2025 జూలై 10న పెట్టారు. జూలైలో ఊళ్ళో మనుషులుంటారు. సుగ్గి ఊళ్ళకు ఈ ఒక్క తేడా చాలా పెద్దది. మరి రాష్ట్రమంతటికీ ఒకే తేదీ ఎందుకు? ఏ మండలం ఎప్పుడు ఖాళీ అవుతుందో అక్కడి ప్రధానోపాధ్యాయులకు, పేరెంట్స్ కమిటీలకు తెలుసు. చట్టం ప్రకారం ఆ కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే, సగం మంది ఆడవాళ్ళు. తేదీ పెట్టే పని వాళ్ళకే వదలొచ్చు.

ఈ పిల్లల్లో గెలిచి నిలిచినవాళ్ళూ ఉన్నారు. ట్రిపుల్ ఐటీల ప్రవేశాల్లో ప్రభుత్వ బడి పిల్లలకు 4 శాతం మార్కులు కలుపుతారు. ఆ కాస్త ఊతంతో ఇడుపులపాయలో సీటు తెచ్చుకున్న పిల్ల ఇంటికి వెళ్తే, తల్లి మొదట అడిగింది ఫీజు గురించి కాదు. "సార్, ఆడ సెలవులు ఎప్పుడిస్తారు? మేం ఊళ్ళో ఉన్నప్పుడే ఇస్తారా?" అని అడిగింది.

వాళ్ళు ఊళ్ళో లేనప్పుడు బడే వాళ్ళ దగ్గరికి పోవచ్చు. మా ఊళ్ళ వాళ్ళు ఎక్కువగా పోయే పల్నాడు పల్లెలేవో మాకు తెలుసు. జనవరిలో ఒక ఆదివారం ఇద్దరు టీచర్లను ఆన్ డ్యూటీ మీద అక్కడికి పంపితే, ప్రీ ఫైనల్ మార్కులు పట్టుకుని చేను గట్టు మీదే సమావేశం పెట్టొచ్చు. అనుమతిస్తే మొదటి బస్సుకు నేను పోతాను. మా బడి కమిటీ చేత తీర్మానం రాయించి మండల విద్యాధికారికి ఇచ్చే పనిలో ఉన్నాను.