దిక్కు తెలియుట

మనుష్యుడు ఎక్కడ నిలిచినను నాలుగు దిక్కులును అతనిని చుట్టియే యుండును. అవి కదలవు. కుడియెడమలు మాత్రము అతనితో కూడ తిరుగుచుండును. ఈ భేదమును మరచినవారు చిన్న లెక్కలోను తప్పుదురు. పెద్ద ప్రయాణములోను తప్పుదురు.

మన పూర్వులు దిక్కులకు పేర్లు పెట్టినప్పుడు ఉదయించు సూర్యునికి అభిముఖముగా నిలిచిరి. సంస్కృతమున ‘ప్రాచి’ యనగా ముందున్నది; ‘పశ్చిమ’ మనగా వెనుకది; ‘దక్షిణ’ మను మాటకు కుడి యను అర్థము కూడ కలదు. ఆ పేర్లలోనే తూర్పుమొగమై నిలిచిన మనుష్యుడు కనబడుచున్నాడు. నదుల గట్లకును ఇట్టి నియమమే కలదు. నీరు పారు వైపునకు మొగము పెట్టి కుడిగట్టు, ఎడమగట్టు అని చెప్పుదురు. పెన్న తూర్పునకు పారి సముద్రమున కలియును. కావున నెల్లూరు కుడిగట్టు వైపునను, కోవూరు ఎడమగట్టు వైపునను ఉన్నవి. మొగము ఎటున్నదో చెప్పక కుడియెడమలు చెప్పుట ఊరిపేరు లేని జాబు వ్రాయుట వంటిది.

నెల్లూరు తీరమున, మైపాడునకు సమీపమున నున్న ఒక పాళెములో ఎనిమిదవ తరగతి చదువు బాలిక యొకతె యుండెను. ఆమె ఎన్.ఎం.ఎం.ఎస్. అను ఉపకారవేతన పరీక్షకు సిద్ధపడుచుండెను. పేద విద్యార్థులు ఎనిమిదవ తరగతితో చదువు మానకుండుటకై కేంద్రప్రభుత్వము 2008లో ప్రారంభించిన పథకమది. అందు ఎన్నికైనవారికి తొమ్మిదవ తరగతి నుండి నాలుగేండ్లపాటు ఏటేట 12,000 రూపాయలు లభించును. ఆ యింటివారికి ఆ ధనము చిన్నది కాదు. అది వచ్చినచో బాలిక చదువు సాగును. రానిచో సాగుట సందేహము.

ఆ పరీక్షలో ఆలోచనాశక్తిని పరీక్షించు ప్రశ్నలు 90 ఉండును. బాలిక తక్కిన వానినన్నిటిని చేయగలుగుచుండెను గాని, దిక్కుల ప్రశ్న వచ్చినంతనే తడబడుచుండెను. ఒక సాయంకాలము ఆమె ఒడ్డున కూర్చుండి ఈ ప్రశ్నను చదివెను: “ఒకడు దక్షిణమునకు 2 కిలోమీటర్లు నడచెను. ఎడమకు తిరిగి 3 కిలోమీటర్లు నడచెను. మరల కుడికి తిరిగి 2 కిలోమీటర్లు నడచెను. అతడు బయలుదేరిన చోటికి ఏ దిక్కున, ఎంత దూరమున నున్నాడు?” ఆమె ‘నైరృతి’ అని వ్రాసి, పుస్తకము చివర చూచుకొనెను. అది తప్పు.

ప్రక్కనే ఆమె తాత చినిగిన వలను కుట్టుచుండెను. ఆయనకు చదువు రాదు. మనుమరాలి కన్నులలో నీరు చూచి సంగతి అడిగి తెలిసికొనెను. ఆమెను తడియిసుకలో దక్షిణమొగముగా నిలిపెను.

“అమ్మణ్ణీ, సముద్రము నీ కే చేతివైపున నున్నది?”

“ఎడమచేతివైపున, తాతా.”

“ఇప్పుడు వెనుకకు తిరుగుము. ఏ చేతివైపున నున్నది?”

“కుడిచేతివైపున.”

“సముద్రము అటునుండి ఇటు వచ్చినదా?”

బాలిక నవ్వెను. “లేదు తాతా, నేనే తిరిగితిని.”

“అయినచో ఇప్పుడు నీ లెక్క నడువుము.”

ఆమె కిలోమీటరునకు ఒక అడుగు చొప్పున నడచెను. దక్షిణమునకు రెండడుగులు వేసి ఎడమకు తిరుగగా ఎదుట సముద్రముండెను. మూడవ యడుగున అల వచ్చి కాళ్లను తడిపెను. తాత పకపక నవ్వి, “చూచితివా? లెక్కలోని మనుష్యుడు నీటిలో నున్నాడు. నీవు వ్రాసినవాడు సరుగుడుతోటలో పొడిగా కూర్చున్నాడు!” అనెను.

కాగితము పైన ఎడమవైపు ఎల్లప్పుడును పడమరయే యని భావించుటయే ఆమె చేసిన పొరపాటు. దక్షిణమునకు పోవువాని ఎడమచేయి తూర్పును చూపును. మొత్తము దక్షిణమునకు 4, తూర్పునకు 3. కావున అతడు ఆగ్నేయమున 5 కిలోమీటర్ల దూరమున నున్నాడు.

అప్పుడు తాత తన యౌవనమునాటి సంగతి యొకటి చెప్పెను. “ఈశాన్యపు గాలులు వీచు కాలము. ముగ్గురము తెప్పమీద నుంటిమి. మబ్బు క్రమ్మినది, ఒడ్డున దీపము కానరాలేదు. తెప్పముక్కు ఇంటివైపే యున్నదని నమ్మి తెడ్డు వేసితిమి. గాలి తెప్పను త్రిప్పివేసినది మాకు తెలియలేదు. జాము గడచిన పిమ్మట మబ్బు విడి ధ్రువుడు కనబడెను. ఇంటికి పోవునప్పుడు కుడిచేతివైపున నుండవలసిన చుక్క ఎడమచేతివైపున నుండెను. జామంతయు మేము ఇంటికి దూరముగా పోయినాము. ముందున్నదంతయు ఇల్లే యనుకొంటిమి, దిక్కును అడుగలేదు.”

ధ్రువనక్షత్రము నెల్లూరు తీరమున మిక్కిలి క్రిందుగా కనబడును. ఒక ప్రదేశపు అక్షాంశమెంతయో, అచ్చట ధ్రువుని ఎత్తు ఇంచుమించుగా అన్ని డిగ్రీలుండును. నెల్లూరున అది సుమారు 14 డిగ్రీలు. చాచిన చేతి పిడికిళ్లు ఒకటిన్నర యెత్తు. అంత క్రిందనున్న చుక్కను చిన్న మబ్బు కూడ మరుగుపరచును. అయినను అది తన చోటు విడువదు.

పరీక్షనాడు బాలికకు నీడల ప్రశ్న వచ్చెను. “సూర్యోదయమైన కొంతసేపటికి ఒకని నీడ అతని ఎడమవైపున పడినది. అతడు ఏ దిక్కునకు చూచుచున్నాడు?” ఆ గదికి నాలుగు గోడలే గాని సముద్రము లేదు. ఆమె కన్నులు మూసికొని ఒడ్డున నిలిచెను. సూర్యుడు నీటిమీద నుండెను. నీడ ఊరివైపు పడెను. ఊరు ఎడమచేతివైపున నుండవలెనన్నచో ఎటు తిరుగవలెనో ఆమెకు తెలిసెను.

ఆమె ఇల్లు చేరగనే తాత మార్కుల మాట అడుగలేదు. “ఏ మొగమున నిలిచితివి?” అని మాత్రము అడిగెను.

“ఉత్తరమొగమున, తాతా. సముద్రము కుడిచేతివైపున నుండెను.”

తాత తల యూచి మరల వల చేత పట్టెను. కొన్ని నెలలకు ఫలితములు వెలువడెను. ఆ బాలిక తొమ్మిదవ తరగతిలో చేరెను.