ఆధారము

మేమీ పాఠశాలను విడిచి పెక్కేండ్లైనది. సంచికకు వ్యాసమొకటి వ్రాయుడని సంపాదకులు కోరగా, పత్రికారచనాశాస్త్రమున డాక్టరు పట్టమునకై మేము పడుచున్న శ్రమనుగూర్చి నాలుగు మాటలు విన్నవించుచున్నాము.

ఈ చదువున చేరునపుడు మా తండ్రిగారు, “పత్రికలకు వ్రాయుటకు కలమొకటి చాలును గదా, నాయనా! దీనికి డాక్టరు పట్టమేల?” అనిరి. ఆ ప్రశ్న యుక్తమైనదే. వీరేశలింగము పంతులుగారు 1874లో ‘వివేకవర్ధని’ని స్థాపించునాటికి మన దేశమున ఈ విద్య నేర్పు కళాశాలయే లేదు. అమెరికాయందలి మిస్సోరీ విశ్వవిద్యాలయమున 1908లో ఇట్టి పాఠశాల యేర్పడినది. మన ఉస్మానియాలో 1954లో ఈ శాఖ వెలసినది.

విలేఖరి నేటి వార్తను నేడే పంపవలెను. పరిశోధకునికి 2022 నాటి నిబంధనలచొప్పున కనీసము 3 ఏండ్లు, సాధారణముగా 6 ఏండ్లవరకు గడువు కలదు. కాని వ్రాసిన ప్రతి వాక్యమునకును ఆధారము చూపి, మౌఖికపరీక్షలో దానిని నిలుపుకొనవలెను.

మేము పాత తెలుగు పత్రికలను విషయముగా గైకొంటిమి. మా తాతగారు కంపోజిటరుగా నుండిన చిన్న వారపత్రిక యొకటి దొరతనమువారి నిర్బంధమువలన ఆగిపోయెనని మా యింట చెప్పుకొనెడివారు. ఆ గర్వముతోనే మొదటి అధ్యాయమును వ్రాసితిమి. తరువాత ఒక గ్రంథాలయమున దాని చివరి సంచిక దొరికినది. ముట్టుకొన్న పొడియగు కాగితము. అందు ప్రభుత్వాజ్ఞ మాటయే లేదు. చందాదారులు బాకీలు చెల్లింపనందున పత్రికను నిలుపుచున్నామను విన్నపము మాత్రముండెను.

ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. ఆ సంచికను చూడనట్లుండిన నెవ్వరెరుగుదురు? తెల్లవారినపిమ్మట మా ఆచార్యులకు నిజము చెప్పితిమి. “కొట్టివేసి మరల వ్రాయుము” అని మాత్రమే వారనిరి. అందుకు నాలుగు నెలలు పట్టెను.

క్రొత్త అధ్యాయమును మా తండ్రిగారికి చదివి వినిపించితిమి. తాతగారి ప్రతిష్ఠకు కొరత తెచ్చితిమని కోపింతురేమోయని మా భయము. ఆయన చాలసేపు మిన్నకుండి, “ఆ యేడు మా నాయనకు మూడు నెలల జీతము రాలేదని మా యమ్మ చెప్పెడిది. ఇదియు వ్రాయుము, నాయనా” అనిరి. డాక్టరు పట్టమేలయని మరల నడుగలేదు.

విద్యార్థులారా! మనకు ప్రియమైన మాట చెవిని పడినపుడే ఆధారమును వెదకుడు. అప్రియమైన మాటకు ఆధారమును అందరు నడుగుదురు.