కొండమీది చదువు

మా అమ్మాయి అమెరికాలో శాన్ డియాగో విశ్వవిద్యాలయంలో చదువుతున్నది. 1949లో వెలసిన కాథలిక్ విద్యాసంస్థ అది. కొండమీద స్పెయిన్ పద్ధతిలో కట్టిన తెల్లని భవనాలు, నీలి గుమ్మటంతో చర్చి. పడమటికి చూస్తే మిషన్ బే నీళ్ళు, ఆవల పసిఫిక్ సముద్రం. ఇటువంటి చోట చదువుమీద మనసు ఎట్లా నిలుస్తుందా అనిపించింది, చూడబోయిన నాకు. తొలిరోజుల్లో స్త్రీలకూ పురుషులకూ వేర్వేరు కళాశాలలట. 1972లో ఒకటి చేశారు.

"చర్చి ఉన్నది గదా, మతం మాట ఎత్తుతారా?" అని అడిగాను.

"లేదు నాన్నా. అందరూ పరీక్షల మాటే ఎత్తుతారు" అన్నది.

పరదేశపు విద్యార్థులు క్లాసులు జరిగే రోజుల్లో క్యాంపస్‌లో వారానికి 20 గంటలకు మించి పనిచేయరాదని అక్కడి ప్రభుత్వ నిబంధన. మా పిల్ల ఆ ఇరవై గంటలూ లైబ్రరీలో పుస్తకాలు సర్దుతుంది. మా రెండెకరాల మాగాణీ బ్యాంకు తాకట్టులో ఉన్నది మరి!

"సముద్రంలో కాళ్ళు తడిపావా?" అంటే, "కిటికీలోంచి రోజూ చూస్తూనే ఉన్నాగా!" అని నవ్వింది.

ఊళ్ళోవాళ్ళు మాత్రం, "సముద్రపుటొడ్డున చదువు, ఇంకేం, రోజూ షికార్లే!" అంటున్నారు. అననివ్వండి. ఆ పొలం ఎవరి కష్టంతో విడుదలవుతుందో నేను చూసి వచ్చాను.