చౌక భూమి



గత మాసమున మా సంఘములోని ఒక యువకుడు భార్యను వెంటబెట్టుకొని మా యింటికి వచ్చెను. "అయ్యగారూ, ఇక్కడున్న అరెకరం అమ్ముకొని కర్ణాటక వెళ్లిపోదామనుకుంటున్నామండీ. ఆ డబ్బుకి అక్కడ రెండెకరాలు వస్తాయంటున్నారు. పిల్లల బ్రతుకు బాగుపడుతుంది. మీరేమంటారు?" అని అడిగెను. నేను వెంటనే జవాబు చెప్పలేకపోతిని. ఏలయనగా నేను అట్లు పోయినవాని కుమారుడను.

అది 1978వ సంవత్సరము, దివిసీమ ఉప్పెన వచ్చిన మరుసటి యేడు. నాకు తొమ్మిదేండ్లు. తెనాలి దగ్గర మా నాయన వాటాకు ఎకరమున్నర మాగాణి యుండెను. ఇంటిలో ముగ్గురు ఆడపిల్లలు, ఇద్దరము మగపిల్లలము. ఆ ఎకరమున్నర అమ్మగా వచ్చిన సొమ్ముతో తుంగభద్ర ఎడమ కాలువ క్రింద, గంగావతి ప్రాంతమున, ఏడెకరములు వచ్చెను. గుంటూరులో మీటరుగేజి రైలెక్కి, గుంతకల్లు మీదుగా హోస్పేటలో దిగితిమి. మా నాయనమ్మ మాత్రము రానన్నది. రెండేండ్ల తరువాత ఆమె పోయినట్లు టెలిగ్రాము వచ్చెను. నాయన ఊరు చేరుసరికి సమాధి మీద మన్ను ఆరిపోయి యుండెను.

ఆ ఆనకట్ట పని 1945లో మొదలై, 1953లో కాలువలకు నీరు వచ్చెను. అప్పటినుండియే మన డెల్టా రైతులు అటు పోవుచుండిరి. అప్పుడు ఆ ఎడమ గట్టు సీమ హైదరాబాదు రాష్ట్రములోనిది. 1956లో మైసూరు రాష్ట్రములో కలిసెను, 1973లో ఆ రాష్ట్రమునకు కర్ణాటకమని పేరు పెట్టిరి. మనవారు కట్టుకొన్న ఊళ్లకు క్యాంపులని పేరు. గంగావతి, సింధనూరు, మాన్వి వైపు వెళ్లినయెడల నేటికిని ఆ పేర్లే వినబడును.

మొదటి రెండేండ్లు కష్టములే. నల్లరేగడి అడుగు తీసి అడుగు వేయనీయదు. బడిలో కన్నడము, ఇంటిలో తెలుగు. అయితే మూడవ యేట గాదె నిండెను. నేను అబద్ధమాడను. ఆ భూమియే మా అక్కలకు పెండ్లిండ్లు చేసెను. ఆ భూమియే నన్ను వేదాంత కళాశాలలో చదివించెను.

మరి అంత మంచి భూమి అంత చౌకగా ఎట్లు దొరికినది? ఈ ప్రశ్న మా నాయన అప్పుడు అడుగలేదు. నీళ్లు చూచెను, అంతే. లోతు యొర్దాను మైదానము చూచినట్లు చూచెను. మేము ప్రసంగపీఠము మీద నిలిచి లోతును సులువుగా తప్పు పట్టుదుము. ఆయన మా నాయన వంటి సంసారియేమోయని ఎవరును అనరు.

అక్కడి రైతు తరతరములుగా వర్షము మీద జొన్న, ప్రత్తి పండించుకొన్నవాడు. కాలువ వచ్చినది గాని, వరి మడి చేయవలెనన్న నేల చదును చేయవలెను, గట్లు వేయవలెను, పంట చేతికి వచ్చువరకు తిండికి ఉండవలెను. ఆ పెట్టుబడి అతనికి లేదు, అప్పు మాత్రము ఉన్నది. కాబట్టి అమ్మెను. మాకు అమ్మిన పెద్దాయన మరుసటి యేటనే మా పొలములోనికి కూలికి వచ్చెను. ఏ మూల రాయి తగులునో, వాన నీరు ఎక్కడ నిలుచునో అడుగకమునుపే చెప్పుచుండెను. ఒకనాడు మా అమ్మ మజ్జిగ పోయుచుండగా ఏదో చెప్పబోయి "నమ్మ హొల" అనెను, అనగా మా చేను అని. వెంటనే ఆగి "నిమ్మ హొల", మీ చేను, అని దిద్దుకొనెను. మా నాయన తల ఎత్తలేదు. ఆ సాయంకాలము కూలి రెట్టింపు ఇచ్చెను గాని, దానితో ఏమగును?

ఇంకొక సంగతి. ఆ కాలువ క్రింద ఎక్కువ భూమికి ఆరుతడి పంటలకే నీరు కేటాయించిరి. ఉన్న నీటిని ఎక్కువమందికి పంచవలెనని వారి ఉద్దేశము. మేము పైభాగమున ఉండి వరి వేసితిమి. నేను చదువుకొను దినములలో సెలవులకు వచ్చి, కాలువ చివరనున్న ఒక పల్లెకు వాక్యము చెప్పుటకు పోతిని. పిల్లకాలువలో మేకలు పండుకొని యుండెను. ఒక అవ్వ దూరమునుండి మోసి తెచ్చిన కడవలోని నీళ్లు చెంబుతో ఇచ్చి, ఏ ఊరని అడిగెను. క్యాంపు పేరు చెప్పితిని. ఆమె ఏమియు అనలేదు. నేను సిద్ధపరచుకొన్న ప్రసంగము నోటికి రాలేదు, ప్రార్థన చేసి లేచి వచ్చితిని.

ఇప్పుడు ఆ నీరు కూడ పూర్వమువలె లేదు. పూడిక వలన జలాశయములో పట్టు నీరు సుమారు 133 టి.ఎం.సి.ల నుండి 105కు తగ్గినది. 2024 ఆగస్టులో 19వ గేటు కొట్టుకొనిపోయి, నిండిన నీరు ఏటి పాలాయెను. ఆ యేడెకరములు చేయుచున్న నా తమ్ముడు ఆ రాత్రి నిద్రపోలేదు.

ఆ దంపతులను పొమ్మని గాని వద్దని గాని నేను అనలేదు. నా అన్నము అక్కడిదే కదా. "కొనేముందు కాలువ చివరికంటా నడిచి చూడు నాయనా. అమ్మేవాణ్ణి కూర్చోబెట్టి, అమ్మిన తర్వాత నువ్వెక్కడుంటావని అడుగు" అంటిని. అతడు కొంచెము చిన్నబుచ్చుకొనెను.

మొన్న సోమవారము ఒక్కడే బయలుదేరి వెళ్లినాడు. ఆదివారము ఆ బిడ్డ చంటివానిని ఎత్తుకొని ఆరాధనకు వచ్చినది. ఆయన ఇంకా చూస్తూనే ఉన్నారట అయ్యగారూ, అని మాత్రము చెప్పినది.