గిటారెక్కిన గూడబాతు

టెక్కలి దాటి కాశీబుగ్గ వైపు హైవే మీద వెళుతుంటే ముందు పోయే ఆటో వీపే ఓ వార్తాపత్రిక! పిల్లల పేర్లు, అమ్మవారు, అభిమాన హీరో, అమ్మానాన్నల దీవెన... అన్నీ రేడియం స్టిక్కర్లే. ఆ అక్షరాలు కత్తిరించే కుర్రాడి దగ్గరికి బైకు ట్యాంకుకు బదులు ఎలక్ట్రిక్ గిటారు వస్తే? కంగారేం లేదు. పని అదే, మెళకువలే కాస్త వేరు.

సిక్కోలు సొంత వాయిద్యం జముకుకు ఈ సోకులు కుదరవు. ఆ తోలు కంపిస్తేనే తీగ పలుకుతుంది. దానిమీద ఏదంటించినా గొంతు నొక్కినట్టే. తప్పెటగుళ్లలోనైతే సింగారమంతా వాయిద్యం కన్నా ఆడేవాళ్ల ఒంటిమీదే... కాళ్ల గజ్జెలు, రంగుల దుస్తులు. మామూలు గిటారు కూడా పైచెక్క కంపిస్తేనే మోగుతుంది. ఎలక్ట్రిక్ గిటారుకు ఆ బెంగ లేదు. దాని ఒళ్లు గట్టి చెక్క. తీగల కదలికను పికప్‌లోని అయస్కాంతం, రాగితీగ చుట్ట కలిసి కరెంటు సంకేతంగా మారుస్తాయి. పైన ఏ బొమ్మ ఉన్నా స్వరానికి పెద్దగా తేడా రాదు.

ఈ సరదా కంపెనీలకూ పట్టింది. 1968లో అమెరికాలోని ఫెండర్ సంస్థ పువ్వుల గోడకాగితాన్ని గిటార్లకు అంటించి, పైన వార్నిష్ కొట్టి అమ్మింది. చూడ్డానికి బ్రహ్మాండమే కానీ, ఆ పైపూత చాలావాటికి పగుళ్లిచ్చింది. ఎడ్డీ వాన్ హాలెన్ అయితే 70ల్లో టేపు చుట్టి, రంగు చల్లి, ఆ టేపు ఊడబెరికి చారల గిటారు తయారుచేసుకున్నాడు. అంతా ఇంటి పనే! (అన్నట్టు, పలాస జీడిపిక్కల తొక్కలోంచి వచ్చే నూనె కూడా రంగులు, వార్నిష్‌ల తయారీకి పనికొస్తుంది.)

ముందు తీగలు విప్పాలి. చెమట, జిడ్డు పోయేలా తుడవాలి. స్టిక్కరును అటూ ఇటూ జరిపి సరిచేయడానికి బైకు మీదైతే సబ్బునీళ్లు ధారాళంగా చల్లుతారు. ఇక్కడ మాత్రం పొదుపే. పికప్‌ల సందుల్లోంచి తడి లోపలికి దిగితే బొమ్మ మిగులుతుంది, పాట పోతుంది. బుడగలు పోవడానికి పాత ఏటీఎం కార్డు చాలు. ఉద్దానం తీరంలో ఉప్పుగాలికి అంచులు తొందరగా లేస్తాయి కాబట్టి, చేయి రాసుకునే చోట అంటించకపోవడమే మేలు. పాతకాలం లక్కర్ పూత ఉన్న ఖరీదైన గిటార్ల జోలికి అసలు పోకూడదు. వినైల్ ఆ పూతను మెత్తబరిచి మరక చేస్తుంది. మళ్లీ అమ్మబోతే సగం ధర కూడా అడగరు.

ఇంతకీ ఏ బొమ్మ? రెడీమేడ్‌గా దొరికేవి పుర్రెలు, మంటలు. అవి లేని గిటారు ఏ దేశంలో ఉంది గనక! టెక్కలి పక్కనే తేలినీలాపురం చింతచెట్ల మీద ఏటా గూళ్లు కట్టే గూడబాతు ఉంది. ఆ సంచి ముక్కు వంపు, గిటారు ఒంటి వంపు... రెండూ భలే కలుస్తాయి. ఎర్రటి జీడిపండు, దాని కింద వేలాడే పిక్క ఉన్నాయి. బారువ ఇసుకలో గుడ్లు పెట్టే తాబేలుంది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి కొబ్బరి, జీడితోటల్ని నేలమట్టం చేసింది. తరాల తోట ఒక్క రాత్రిలో పోయిన ఊళ్లవి. ఒంగిన కొబ్బరిచెట్టు బొమ్మను పైఊళ్లలో చూసేవాళ్లు బీచ్ పోస్టరు అనుకోవచ్చు. వజ్రపుకొత్తూరులో అలా అనుకోరు.

ఫొటోనో గీసిన బొమ్మనో ఇస్తే, ఫ్లెక్సీలు వేసే చోట కంప్యూటర్ మీద కొలతకు తెచ్చి వినైల్ మీద ముద్రిస్తారు. ముందు గిటారును కాగితం మీద పెట్టి చుట్టూ పెన్సిల్‌తో గీసుకెళితే కొలత తప్పదు. మొత్తం ఒంటికి అంటించే ధైర్యం లేకపోతే ఓ దారుంది. తీగల పక్కన స్క్రూలతో బిగించి ఉండే ప్లాస్టిక్ పలక చాలా గిటార్లకు ఉంటుంది. అలాంటిదే ఇంకోటి కొని దానిమీద గూడబాతును ఎక్కించడమే. అసలు పలక బీరువాలో భద్రం.