నాయనమ్మగారి గాజుగిన్నె

మా నాయనమ్మగారి పెట్టెలో నొక గాజుగిన్నె యుండెడిది. అది రెండువందల యేండ్లనాటిదనియు, చేతితో చెక్కినదనియు మా యింట వాడుక. మా పైచదువు రుసుమునకై దాని నమ్మనెంచి, వెల చెప్పుటకు ముందు దాని వయస్సు తెలిసికొనగోరితిమి.

చేతితో చెక్కిన గాజునకు సాధారణముగా అంచులు వాడిగా నుండును. అచ్చున నొత్తినదానికి మొద్దువారి యుండును. మా గిన్నె యంచులు వ్రేలికి నునుపుగా దగిలెను. ప్రక్కలను రెండు సన్నని గీతలు పైనుండి క్రిందికి దిగియుండెను. అవి అచ్చు పలకలు కలిసిన యతుకులు. యంత్రముతో గాజు నచ్చొత్తుట 1820-30 నడుమ అమెరికాలో వృద్ధియయ్యెను. పిమ్మట భూతద్దముతో చూడగా అడుగున వజ్రాకారపు గుర్తొకటి కానవచ్చెను. ఇంగ్లాండులో 1842 మొదలు 1883 వరకు నమోదైన నమూనాలకు ఇట్టి గుర్తు వేయుచుండిరి. దాని శిరస్సున నుండు రోమను మూడంకె గాజు తరగతిని దెలుపును. 1884 నుండి దీనికి మారుగా వరుససంఖ్య వచ్చెను. ఈ గుర్తు తెలుపునది నమూనా నమోదైన కాలమేగాని గిన్నె చేసిన దినము కాదు.

కావున మా గిన్నె 1842నకు పూర్వపుది కాజాలదు, చెక్కినదియు గాదు. సత్యము చెప్పిన వెల తగ్గును. చెప్పకున్న కొనువా రెరుగరు. రెండు రాత్రులు మాకు నిద్రపట్టలేదు. తుదకు నాయనమ్మగారికి విన్నవించితిమి. ఆమె గిన్నెను చీరచెంగుతో తుడిచి, "నాయనా, ఉన్నమాట చెప్పియే అమ్ము. తక్కువైన రుసుము సంగతి తరువాత చూతము" అనిరి.

అట్లే చేసితిమి. వచ్చిన సొమ్ము సగము రుసుమునకే చాలెను. మిగిలినది సెలవులలో పనిచేసి కూర్చుకొంటిమి. తోడి విద్యార్థులారా! మీ యింట పాతగాజు గలదేని, దాని కథ వినుడు. పిమ్మట బోరగించి అడుగును గూడ చూడుడు.